మట్టిలోంచి వచ్చిందని మా పాప తినడం మానేసింది. నేర్పడంలో తప్పు చేశానా?

వానచినుకు
ఆదివారం, రాత్రి 10:12

నమస్తే అందరికీ. ఎప్పుడూ చదివి వెళ్ళిపోయేదాన్ని, రాయడం ఇదే మొదటిసారి.

మా పాపకి అయిదున్నరేళ్ళు. కంచంలో సగం వదిలేస్తుంటే, ఇదంతా ఎక్కడినుంచి వస్తుందో తెలిస్తే వదలదేమో అనుకున్నాను. తనకి బాగా ఇష్టమైనది క్యారెట్. లోతుగా ఉన్న కుండీ చూసి విత్తనాలు వేశాం. రెండున్నర నెలలకి పైనే పట్టింది. ఆ రోజు పాపని పిలిచి, ఆకులు పట్టుకుని లాగమన్నాను. వీడియో కూడా తీస్తున్నాను.

బయటికి వచ్చింది రెండు కాళ్ళ క్యారెట్. నిండా మట్టి. దాన్ని అంటుకుని ఒక వానపాము. పాప దాన్ని కింద పడేసి ఒకటే ఏడుపు. "ఇది నేను తినే క్యారెట్ కాదు" అంటుంది. కడిగి, తొక్క తీసి, ముక్కలు కోసి ఇచ్చినా ముట్టలేదు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఇప్పుడు కంచంలో ఏది పెట్టినా "ఇది మట్టిదా?" అని అడుగుతోంది. బంగాళాదుంప, ఉల్లిపాయ, ముల్లంగి, వేరుశనగలు, అన్నీ మానేసింది. ఈరోజుకి పన్నెండో రోజు. బ్రెడ్ మాత్రం తింటోంది, "బ్రెడ్ ప్యాకెట్‌ది కదా" అని. గోధుమలు కూడా మట్టిలోనే పండుతాయని చెప్పే ధైర్యం నాకు లేదు. మా అత్తగారు చదవేస్తే ఉన్నమతి పోయిందన్నట్టు చూస్తున్నారు నన్ను.

మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?

నిద్రలేనితల్లి
ఆదివారం, రాత్రి 10:31

ముందుగా సారీ, వానపాము దగ్గర నవ్వాపుకోలేకపోయాను. మా చిన్నవాడు ఇందుకు పూర్తిగా రివర్స్. బ్రెడ్ చెట్టు ఎంత ఎత్తుంటుందని అడిగాడు మొన్న. నేను ఫోన్‌లో ఉండి "చాలా ఎత్తు" అనేశాను. స్కూల్లో అందరికీ చెప్పొచ్చాడు.

చేదుగుళిక
ఆదివారం, రాత్రి 11:05

నా మాట ఎవరికీ నచ్చదు, అయినా చెప్తాను. ఈ నేర్పడాలు ఎందుకండీ అసలు? మాత్ర వేసుకునేటప్పుడు అది ఎక్కడ తయారైందో అడుగుతామా? ఫోన్‌లో ఏ లోహం ఏ గనిలోంచి వచ్చిందో తెలుసా? తిండికి మాత్రం పుట్టుపూర్వోత్తరాలు కావాలి. పిల్ల హాయిగా క్యారెట్ తింటుండేది. ఇప్పుడు మీ పాప లెక్కన చూస్తే చేపా ఉప్పూ తప్ప ఇంకేం మిగలవు.

రెండెకరాలు
సోమవారం, తెల్లవారుజాము 4:50

ముందు క్యారెట్ సంగతి. కుండీ మట్టిలో రాయి గానీ, గట్టి పెళ్ళ గానీ, సరిగా మాగని పశువుల ఎరువు గానీ ఉంటే వేరు దిగేటప్పుడు అడ్డం తగిలి చీలుతుంది. రుచికి తేడా ఏమీ ఉండదు. పొలంలో అలాంటివి బోలెడు వస్తాయి. కొనేవాళ్ళు తీసుకోరు, మేమే తింటాం లేదా పశువులకి వేస్తాం. మీరు కొనుక్కునే క్యారెట్లన్నీ తిన్నగా ఉండడానికి కారణం, వంకరవి మీదాకా రాకపోవడమే. వానపాము ఉందంటే మీ కుండీ మట్టి బాగున్నట్టు లెక్క.

చెల్లెమ్మా, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. విత్తనం వేసింది ఎవరు? నీళ్ళు పోసింది ఎవరు? మొలకలు వత్తుగా వస్తే పీకి పలచన చేసింది ఎవరు?

వానచినుకు
సోమవారం, ఉదయం 7:20

అన్నా, దొరికిపోయాను. "వేశాం" అని రాశాను గానీ వేసింది నేనే. విత్తనాలు మరీ సన్నం, పాప పారబోస్తుందని భయం. నీళ్ళు కూడా నేనే పోసేదాన్ని, స్కూల్ టైమ్ అయిపోతుందని. ఆఖరి రోజు సర్‌ప్రైజ్‌లా ఉంటుందని పిలిచాను.

రెండెకరాలు
సోమవారం, ఉదయం 7:24

అదీ సంగతి. తను చూసింది ఆఖరి రోజు ఒక్కటే. ఆ ముందు రెండున్నర నెలలూ మీ దగ్గరే ఉండిపోయాయి. ఏమీ తెలియనివాళ్ళ చేత మట్టిలోంచి ఒక వస్తువు పీకిస్తే ఎవరైనా అదిరిపోతారు.

పనికి వెళ్తున్నా. మిగతాది తర్వాత.

పెరటిగోడ
సోమవారం, మధ్యాహ్నం 1:15

వానచినుకు గారూ, మీ పాప ఈ విషయంలో చాలామంది కంటే ముందుంది. అమెరికాలో 4 నుంచి 7 ఏళ్ళ పిల్లలు 176 మందిని అడిగి చేసిన పరిశోధన ఒకటి 2021లో వచ్చింది. హాట్‌డాగ్, బేకన్ లాంటి మాంసం పదార్థాలు మొక్కల నుంచి వస్తాయని దాదాపు నలభై శాతం మంది అనుకుంటున్నారు. ఫ్రెంచ్ ఫ్రైస్ జంతువు నుంచి వస్తాయన్నవాళ్ళు అంతకన్నా ఎక్కువ! 2013లో బ్రిటన్‌లో జరిగిన పెద్ద సర్వేలో ప్రైమరీ స్కూల్ పిల్లల్లో మూడోవంతుకు దగ్గరగా చీజ్ మొక్కల నుంచి వస్తుందన్నారు.

పిల్లల్నే అనుకోకండి. 1957 ఏప్రిల్ 1న బీబీసీ టీవీలో ఒక కుటుంబం చెట్ల మీద నుంచి స్పగెట్టీ (పిండితో చేసే సేమ్యా లాంటిది) కోస్తున్నట్టు చూపించారు. స్విట్జర్లాండ్‌లో ఈ ఏడు పంట విరగకాసిందని సీరియస్‌గా చెప్పారు. ఆ చెట్టు ఇంట్లో ఎలా పెంచాలని పెద్దవాళ్ళు ఫోన్లు చేసి అడిగారు. నిద్రలేనితల్లి గారూ, మీవాడి బ్రెడ్ చెట్టుకి పెద్ద పరంపరే ఉంది.

నా సంగతీ చెప్పేస్తాను. అనాసపండు చెట్టుకి వేలాడుతుందని ముప్పై ఏళ్ళ దాకా అనుకున్నాను. నేలబారు మొక్క నడినెత్తిన ఒక్క కాయ కూర్చుని ఉంటుందని, దానికి ఏడాదిన్నర దాకా ఆగాలని ఎవరు చెప్పారు మనకి? జీడిపప్పు కూడా అంతే. పండు లోపల ఉంటుందనుకున్నాను, అది పండు కింద బయట వేలాడుతుంది. పైగా ఆ పెంకులో చర్మం కాల్చేసే జిడ్డు ఉంటుంది. ఒలిచేవాళ్ళ చేతులు ఏమవుతాయో అప్పుడు తెలిసింది.

చేదుగుళిక
సోమవారం, మధ్యాహ్నం 1:40

అంటే ముప్పై ఏళ్ళు తెలియకుండానే అనాసపండు తిన్నారు. అరిగింది కదా. నేను చెప్పేదీ అదే.

నల్లబల్ల
సోమవారం, సాయంత్రం 6:30

చిన్నపిల్లలకి పాఠాలు చెప్పడం నా పని. రెండు విషయాలు చెప్తాను, మొదటిది వానచినుకు గారి టెన్షన్ తగ్గడానికి.

సుమారు రెండేళ్ళ నుంచి ఆరేళ్ళ దాకా పిల్లలకి కొత్త తిండి అంటే అనుమానం బాగా ఎక్కువ. నిన్నటిదాకా తిన్నదే వేరే రూపంలో కనిపిస్తే వాళ్ళ లెక్కలో అది కొత్తదే. పాప చెప్పింది అక్షరాలా నిజం, అది "తను తినే క్యారెట్" కాదు. తన క్యారెట్ నున్నగా, ముక్కలుగా, గిన్నెలో ఉంటుంది. బతిమాలకండి, లంచం పెట్టకండి. అందరూ తింటున్న చోట మామూలుగా పెట్టి ఊరుకోండి. "మట్టిదా?" అంటే "అవును" అనండి. అబద్ధం మాత్రం వద్దు. బ్రెడ్ సంగతి తను అడిగితే చెప్పండి, అడక్కపోతే మీరై ఎత్తకండి.

రెండోది నా తప్పు. మొదట్లో నేను చార్టు గీసి, బాణాలు పెట్టి చెప్పేదాన్ని. విత్తనం, మొక్క, పంట, మిల్లు, దుకాణం, కంచం. పిల్లలు అప్పజెప్పేవాళ్ళు కూడా. పరీక్ష పెడితే పది మార్కులు. ఒకరోజు చేప బొమ్మ గీయమంటే ఒక పిల్లాడు నలుచదరంగా గీశాడు, తల లేదు, తోక లేదు. చేపల చార్టులో నీళ్ళు, పడవ, వల అన్నీ ఉన్నాయి. వాడికి వచ్చింది చార్టు. చేప రాలేదు.

ఇప్పుడు వెనక నుంచి వస్తున్నాను. బ్రెడ్ ముక్క ఒకటి బల్ల మీద పెట్టి "దీనికి ముందు ఇదేంటి?" అంటాను. పిండి. దానికి ముందు? ఎవరికీ తెలియదు. అప్పుడు ఎండిన గోధుమ వెన్ను చేతికి ఇస్తాను. నలపాలి, ఊదాలి, పొట్టు ఎగిరిపోవాలి, గింజలు లెక్కపెట్టాలి. వెన్నుకి ముప్పై నలభై గింజలు వస్తాయి. ఒక గింజ బరువు గ్రాములో నలభై వంతులు చేస్తే ఒకటిన్నర వంతు. ఒక ముక్కలో పాతిక గ్రాముల పిండి అనుకున్నా ఆరేడు వందల గింజలు కావాలి. అంటే పదిహేను నుంచి ఇరవై వెన్నులు. పిల్లలు నోరెళ్ళబెడతారు. ఒకమ్మాయి "ఊదుతూనే ఆకలేసింది, ఇంకా పిండి కూడా కాలేదు" అంది. నేను గంటసేపు చెప్పినా ఆ మాట రాదు.

రెండెకరాలు
సోమవారం, రాత్రి 8:02

టీచర్ గారూ, గింజ బరువు ఇంకా తేలికగా చెప్పొచ్చు. పాతిక గింజలు కలిస్తే ఒక గ్రాము, అటూ ఇటూగా. మీ ఆరేడు వందలు సరిపోయింది, మధ్యలో చెప్పిన వంతుల లెక్కే కాస్త మెలికగా ఉంది.

నల్లబల్ల
సోమవారం, రాత్రి 8:10

పాతిక గింజలు ఒక గ్రాము. అలా చెప్తే పిల్లలకి కూడా తేలిక. రేపటి నుంచి అలాగే చెప్తాను. థాంక్స్ అండి.

నిద్రలేనితల్లి
సోమవారం, రాత్రి 11:48

మీరంతా గోధుమ వెన్నులు, కుండీలు అంటున్నారు. నాకు పొద్దున ఇద్దరికీ బూట్లు దొరికితే అదే పంట. బాల్కనీ లేదు, ఎండ రాదు. నాలాంటివాళ్ళు ఏం చేయాలి? ఎగతాళి కాదు, నిజంగానే అడుగుతున్నాను.

నల్లబల్ల
మంగళవారం, ఉదయం 6:15

ఒలిచే పని ఇవ్వండి, చాలు. బఠానీ కాయ ఇచ్చి గింజలు తీయమనండి. లోపల గింజలు వరసగా, ఒక్కోటి ఒక సన్న కాడతో తొక్కకి అంటుకుని ఉంటాయి, అది తల్లికీ బిడ్డకీ ఉన్న పేగు లాంటిదని చెప్పండి. వెల్లుల్లి విడదీయమనండి. మొక్కజొన్న పొత్తుకి పీచు ఉంటుంది కదా, ఒక్కో పోగు ఒక్కో గింజకి వెళ్తుంది. పొత్తులో ఎక్కడైనా గింజ లేకుండా బోసిగా ఉంటే అక్కడి పోగుకి పుప్పొడి అందలేదన్నమాట. ఇదంతా వంటగదిలోనే, ఎలాగూ చేసే పనిలోనే.

ఒక సంగతి, జపాన్ వాళ్ళు 2005లో ఆహారం గురించి నేర్పడానికి చట్టమే చేశారు. అక్కడ చాలా స్కూళ్ళలో మధ్యాహ్నం భోజనం పిల్లలే వడ్డించుకుని, పిల్లలే శుభ్రం చేస్తారు. తోట ఉన్నా లేకపోయినా గరిటె మాత్రం వాళ్ళ చేతిలో ఉంటుంది.

ఉప్పుకల్లు
మంగళవారం, ఉదయం 10:20

క్యారెట్‌తో ఆగినందుకు సంతోషించండి. మాకు కోడి దగ్గర వచ్చింది.

మావాడికి ఏడేళ్ళు. తింటూ తింటూ "ఈ చికెన్, ఆ కోడి ఒకటేనా?" అన్నాడు. నేను కంగారులో "కాదు నాన్నా, ఇది వేరే రకం, తినడానికే ఉంటుంది" అన్నాను. ఏదో ఒకలా గడిచిపోయింది. నెల తర్వాత వాళ్ళ పెద్దమ్మ కొడుకు మొత్తం చెప్పేశాడు, ఎలా కోస్తారో యాక్షన్‌తో సహా. వాడు ఇంటికొచ్చి నాతో రెండు రోజులు మాట్లాడలేదు. కోడిని తిన్నామన్న బాధ కొంత, కానీ అసలు కోపం "నువ్వు నాకు ఎందుకు వేరే చెప్పావు?" అని. ఆ తర్వాత నేను ఏం చెప్పినా "నిజంగానా?" అని రెండోసారి అడగడం అలవాటైంది వాడికి. అది ఇప్పటికీ పోలేదు.

చేదుగుళిక గారూ, ఎందుకు నేర్పాలి అన్నారు కదా. మనం నేర్పకపోయినా వాళ్ళకి తెలుస్తుంది. ఎవరి నోటి నుంచి తెలుస్తుందన్నదే తేడా.

పాలపుంత
మంగళవారం, ఉదయం 11:02

పిల్లాడికి నిజం తెలిసినా ఇంకా మాంసం పెడుతున్నారా? పిల్లలు పుట్టుకతో దయగలవాళ్ళు. పెద్దలే పాడుచేస్తారు. మా ఇంట్లో పాలూ పెరుగూ తప్ప ఏ జీవినీ బాధపెట్టేది రాదు.

నిర్వాహకుడు
మంగళవారం, మధ్యాహ్నం 12:30

పై పోస్టు కింద వచ్చిన ఆరు జవాబులు తీసేశాను. ఎవరు ఏం తినాలన్నది ఈ చర్చ కాదు. పిల్లలకి ఎలా చెప్పాలన్నదే చర్చ. దయచేసి అక్కడే ఉండండి.

నల్లబల్ల
మంగళవారం, సాయంత్రం 6:45

నిర్వాహకుడి గారి హద్దులోనే ఉంటాను. మాంసం తినని ఇళ్ళకి కూడా ఈ ప్రశ్న తప్పదు. ఆవు ఊరికే పాలివ్వదు. తొమ్మిది నెలలు మోసి ఈనితేనే పాలు. ఒక పాప నన్ను "మరి దూడకి?" అని అడిగింది. తర్వాతి ప్రశ్న "మగ దూడ అయితే?" నేను ఆ రోజు తడబడ్డాను. ఒక్క గ్లాసు పాల వెనక ఒక దూడ ఉందన్నది చెప్పకుండా "ఆవు మనకి పాలిస్తుంది" అని పాఠం చెప్తున్నాం, ఆవేదో పిలిచి ఇచ్చినట్టు.

గుడ్డు సంగతిలో ఉన్న భయం మాత్రం తీర్చేయొచ్చు. పుంజు లేకుండా కూడా పెట్ట గుడ్లు పెడుతుంది, అందులో పిల్ల ఉండదు. ఒక గుడ్డు తయారవడానికి కోడి ఒంట్లో ఒక రోజుకి పైగా పడుతుంది. పిల్ల కావాలంటే పుంజుతో కలిసిన పెట్ట పెట్టిన గుడ్డుని 21 రోజులు పొదగాలి. చాలామంది పిల్లలు "కోడిపిల్లని తింటున్నానా" అని లోపల్లోపల భయపడుతుంటారు, పైకి అడగరు.

నాకు పనికొచ్చిన పద్ధతి ఒక్కటే. అడిగినంతకే జవాబు, అడిగినదానికి నిజం. "చచ్చిపోయిందా?" అంటే "అవును." "నొప్పి పుట్టిందా?" అంటే తెలిసినంత చెప్పాలి. వీడియోలు చూపించకూడదు, అది నేర్పడం కాదు, బెదరగొట్టడం. కొన్నాళ్ళు తిననంటే మాననివ్వండి. దాన్ని పెద్ద నిర్ణయంలా ఊరంతా చాటకండి, మళ్ళీ తింటే వెక్కిరించకండి.

ఉప్పుకల్లు
మంగళవారం, రాత్రి 9:10

మావాడు మూడు నెలలు మానేశాడు. మళ్ళీ మొదలుపెట్టాడు, అది కూడా కాళ్ళూ రెక్కలూ ఆకారంలో కనిపిస్తే ముట్టడు. ఎందుకని నేను అడగలేదు.

తేనెపట్టు
బుధవారం, సాయంత్రం 5:00

నా దగ్గర రెండు తేనె పెట్టెలున్నాయి. పిల్లలు వస్తే నేను చూపించేది చిన్న చెంచా. పని చేసే తేనెటీగ ఎండాకాలంలో ఆరు వారాలు బతికితే ఎక్కువ. ఆ బతుకంతా తిరిగి అది చేసే తేనె ఈ చెంచాలో పన్నెండో వంతు. ఇది చెప్పాక ఎవరూ చెంచా నాకకుండా వదలరు. "వదలకూడదు" అని నేను అననక్కర్లేదు.

ఇంకో కథ చెప్తాను. వెనిలా ఐస్‌క్రీమ్ ఇష్టపడని పిల్లలు ఉండరు కదా. అది ఆర్కిడ్ జాతి తీగకి కాసే కాయ. పువ్వు ఒక్క పూటే విచ్చుకుంటుంది. దాని సొంత ఊరు మెక్సికో దాటించి వేరే చోట్ల నాటితే పూసేది గానీ కాసేది కాదు. శాస్త్రవేత్తలు కుస్తీ పడ్డారు. 1841లో రీయూనియన్ అనే దీవిలో పన్నెండేళ్ళ కుర్రాడు, పేరు ఎడ్మండ్ ఆల్బియస్, సన్న పుల్లతో పువ్వులోని పొరని ఎత్తి, బొటనవేలితో పుప్పొడి అద్ది కాయించాడు. ఇప్పటికీ తోటల్లో చేసేది అదే పద్ధతి, ఒక్కో పువ్వుకీ చేత్తో.

పిల్లలు ఇక్కడ చప్పట్లు కొడతారు. నేను కథని అక్కడే ఆపేవాణ్ణి. ఒకసారి ఒకమ్మాయి "అయితే వాడు బోలెడు డబ్బున్నోడు అయ్యుంటాడు" అంది. అప్పుడు మిగతాది చెప్పాల్సి వచ్చింది. ఆ అబ్బాయి బానిస. దీవి వాళ్ళు వెనిలాతో బాగుపడ్డారు, అతను 1880లో పేదవాడిగానే పోయాడు. తిండి ఏ మొక్క నుంచి వచ్చిందన్నది సగం ప్రశ్నే. ఎవరి చేతి నుంచి అన్నది అడగకుండా వదిలేస్తున్నామని ఆ రోజు తెలిసింది.

చేదుగుళిక
బుధవారం, సాయంత్రం 5:35

ఈ కథ నాకు తెలియదు. బాగుంది. బాగోలేదు కూడా.

రెండెకరాలు
బుధవారం, రాత్రి 9:20

చేతుల మాట వచ్చింది కాబట్టి నా కడుపులో ఉన్నది చెప్పేస్తాను. కొంచెం ఘాటుగా ఉంటే క్షమించాలి.

"రైతు ఎంత కష్టపడ్డాడో తెలుసా, అన్నం పారేయకు" అని పిల్లలకి చెప్తారు. బడుల్లో గోడల మీద కూడా రాస్తారు. నా కష్టాన్ని మీ పిల్లల గొంతులో కుక్కొద్దు. కడుపు నిండినవాడి చేత నా పేరు చెప్పి ఇంకో రెండు ముద్దలు తినిపిస్తే నాకు ఒరిగేదేమీ లేదు. వాడికి నా పేరు చెప్తే చిరాకు పుడుతుంది, అంతే. తక్కువ పెట్టండి, కావాలంటే మళ్ళీ అడుగుతాడు.

పిల్లల్ని పొలానికి తీసుకొస్తారు. సంతోషమే. కాయలు నిండుగా ఉన్న రోజు చూసి తెస్తారు, ఫోటోలు దిగుతారు, నాలుగు కాయలు కోసుకుని వెళ్తారు. వాళ్ళకి కనిపించేది ఒక తోట, ఒక నవ్వే రైతు. పోయినసారి వడగళ్ళు పడి నా టమాటా మొత్తం పోయిన మర్నాడు ఒకాయన ముందే అనుకున్నాం కదా అని ఇద్దరు పిల్లలతో వచ్చాడు. పరిస్థితి చూసి "సారీ అండి, మళ్ళీ వస్తాం" అని వెనక్కి తిరిగాడు. పెద్ద పిల్ల ఎనిమిదేళ్ళుంటాయి, అది కదల్లేదు. "ఇప్పుడేం చేస్తారు?" అంది. పగిలిన కాయల్లో పనికొచ్చేవి ఏరాలన్నాను. ముగ్గురూ కూర్చుని మధ్యాహ్నం దాకా ఏరారు. పది కాయల్లో ఒకటి మిగిలింది. ఇంతవరకు నా పొలంలో ఏదైనా నేర్చుకుని వెళ్ళింది ఆ పిల్లే.

కలుపు తీసే రోజు తీసుకురండి. నీళ్ళు పెట్టే రోజు తీసుకురండి. గిట్టుబాటు కాక కోయకుండా వదిలేసిన మడి ఉంటుంది, అదీ చూపిస్తాను. కానీ నన్ను అడగకుండా కాయ కోసి నోట్లో పెట్టించొద్దు. మందు కొట్టాక ఇన్ని రోజులు కోయకూడదని లెక్క ఉంటుంది, అది డబ్బా మీద రాసి ఉంటుంది, ఆకు మీద రాసి ఉండదు.

పెరటిగోడ
బుధవారం, రాత్రి 9:58

రెండుసార్లు చదివాను. నేను "రైతు కష్టం" డైలాగ్ నిన్న రాత్రే వాడాను ఇంట్లో. ఇక వాడను.

వానచినుకు
శనివారం, ఉదయం 11:30

అందరికీ పేరుపేరునా థాంక్స్. ఈ వారం ఏం జరిగిందో చెప్తాను.

తినమనడం పూర్తిగా మానేశాను. బదులుగా కూరగాయలు కడిగే పని పాపకి ఇచ్చాను. ఒక టబ్బు, ఒక పాత టూత్‌బ్రష్. బంగాళాదుంపలకి స్నానం చేయిస్తున్నానంటుంది. వాటి మీద గుంటల్ని కళ్ళంటారని, అక్కడి నుంచే మొలక వస్తుందని, అది వేరు కాదు, నేలలో ఉబ్బిన కాండం అని చెప్పాను. "కళ్ళున్నవి తినకూడదు" అంటుందేమో అని భయపడ్డాను. అనలేదు. "కళ్ళలోకి సబ్బు పోతుంది" అని నీళ్ళతోనే కడిగింది.

రెండోది, గాజు సీసా. లోపల తడి పేపర్ చుట్టి, గాజుకీ పేపర్‌కీ మధ్య చిక్కుడు గింజలు అయిదు పెట్టింది, ఈసారి తనే. ఒకటి కింద పడింది, వెతికి పెట్టింది. మూడోరోజు వేరు బయటికి వచ్చింది. ముందు వేరే వస్తుందని, కిందికే పోతుందని నాకే తెలియదు. పాప సీసాని పక్కకి పడుకోబెట్టింది. మర్నాటికి వేరు మళ్ళీ నేలవైపు వంగింది. "దీనికి కింద ఎక్కడుందో తెలుసు" అంది.

తినడం మాత్రం ఇంకా లేదు.

చేదుగుళిక
శనివారం, మధ్యాహ్నం 2:10

ఒక డౌట్. ఎవరూ నవ్వొద్దు. ఇంట్లో బంగాళాదుంప ఒకటి మట్టిలో పెట్టాను (మావాడు అడిగాడని). మూడు వారాలైంది, ఉలుకూ పలుకూ లేదు.

రెండెకరాలు
శనివారం, మధ్యాహ్నం 2:25

నవ్వటం లేదు. దుకాణానికి వచ్చే దుంపలకి నిలవ ఉండాలని మొలక రాకుండా మందు పట్టించి ఉండొచ్చు. అప్పటికే కళ్ళ దగ్గర మొలక మొదలైనది దొరికితే అది పెట్టండి. ఆకుపచ్చగా మారినవి మాత్రం తినొద్దు, పిల్లలకి అసలు పెట్టొద్దు, అందులో విషం తయారవుతుంది.

నల్లబల్ల
శనివారం, మధ్యాహ్నం 3:00

జాగ్రత్తలు వచ్చాయి కాబట్టి ఇంకో రెండు. విత్తనాల దుకాణంలో గులాబీ, ఆకుపచ్చ రంగుల్లో ఉండే గింజలు పిల్లల చేతికి ఇవ్వకండి. ఆ రంగు అలంకారం కాదు, పురుగూ తెగులూ పట్టకుండా పూసిన మందు ఉందని గుర్తు. వంటింట్లోని గింజలే నాటించండి. అలాగని రాజ్మా లాంటివి పచ్చివి నోట్లో పెట్టుకోనివ్వకండి, బాగా ఉడికితే తప్ప అవి కడుపుకి మంచివి కావు.

వేరుశనగ కూడా వేయండి వానచినుకు గారూ. పసుపు పువ్వు పైన పూస్తుంది, తర్వాత దాని అడుగు నుంచి ఊడ దిగి నేలలో దూరుతుంది, కాయ మట్టిలో పడుతుంది. మీ పాప మట్టి గొడవకి అంతకన్నా మంచి జవాబు నాకు తెలియదు. నాలుగు నెలల ఓపిక కావాలి.

వానచినుకు
తొమ్మిది వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 8:40

ఎవరైనా ఇంకా ఇక్కడ ఉన్నారా? చెప్పడానికి వచ్చాను.

క్యారెట్ మొదలైంది. అయిదో వారంలో అనుకుంటా, కడుగుతూ కడుగుతూ ఒకటి కొరికింది. అంతకుముందు నాలుగుసార్లు కడిగింది దాన్ని. నేను చూడనట్టు గిన్నెలు తోముతూనే ఉన్నాను. ఉల్లిపాయ ఇంకా లేదు. బ్రెడ్ గురించి అడిగింది, చెప్పాను, "సరే" అంది, అంతే. నేను రెండు నెలలు దాచింది దానికి సెకను పట్టింది.

సీసాలో మొలిచిన అయిదింట్లో మూడు కుండీలోకి మార్చాం. ఒకదాన్ని నత్త తినేసింది. పాప నత్త మీద కోపం తెచ్చుకుంటుందనుకున్నాను. "దానికీ తెలుసు ఇది ఎక్కడ దొరుకుతుందో" అంది. ఒకటి ఎందుకో వాడిపోయింది. మిగిలిన తీగకి ఇప్పుడు ఏడు కాయలు.

అసలు సమస్య ఇది. లేతగా ఉన్నాయి, కోసి వండుదాం అంటే కోయనివ్వడం లేదు. ఒక్కోదానికి పేరు పెట్టింది. "ఇది కొన్నది కాదు, నాది, తినకూడదు" అంటోంది. మట్టిది తినను అనేది మొన్నటిదాకా, ఇప్పుడు తనది తినను అంటోంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు.

నిద్రలేనితల్లి
ఆదివారం, రాత్రి 8:52

పేర్లేంటో చెప్పండి ముందు.

రెండెకరాలు
ఆదివారం, రాత్రి 9:15

కోయొద్దు చెల్లెమ్మా. తీగ మీదే ముదరనివ్వండి. కాయ పసుపెక్కి, ఎండి, ఊపితే లోపల గింజ గలగలమనాలి. అప్పుడు పాప చేతే కోయించి, ఒలిపించి, నీడలో ఇంకో వారం ఆరబెట్టి, కాగితం పొట్లంలో కట్టి తేదీ వేయండి. ప్లాస్టిక్ కవరు వద్దు, చెమ్మ పడుతుంది. ఏడు కాయలకి పాతిక ముప్పై గింజలు వస్తాయి. అన్నీ నాటడానికి మీ ఇంట్లో కుండీలు చాలవు కదా, అప్పుడు ఏం చేయాలో పాపనే అడగండి.